తుడిచేసిన తోట

ఆట ఆపమంటే వెంటనే ఆగాలి. చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నేను మొదట చూసేది ఇదే. స్క్రీన్ ఎంత వెడల్పు, రంగులు ఎలా ఉన్నాయి, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఇవన్నీ తర్వాత. బటన్ నొక్కగానే ఆట ఉన్నది ఉన్నట్టు నిలిచిపోవాలి. మళ్ళీ నొక్కితే అక్కడి నుంచే కదలాలి. ఇంటర్నెట్‌లో సమీక్షలు చాలా చదువుతాను. ఈ గుణం గురించి వాళ్ళు ఒక్క వాక్యం రాసి దాటిపోతారు. వాళ్ళు సోఫాలో కూర్చుని తమకు ఇష్టమైనప్పుడు మొదలుపెట్టి, ఇష్టమైనప్పుడు ఆపుతారు. మధ్యలో వాళ్ళను ఎవరూ పిలవరు.

మా తమ్ముడు దోహాలో హౌస్ డ్రైవర్. మదీనత్ ఖలీఫాలో ఒకే విల్లాలో ఆరేళ్ళు చేశాడు. హౌస్ డ్రైవర్ పని అంటే బండి నడపడం అని అందరూ అనుకుంటారు. నడిపేది తక్కువ, ఎదురుచూసేది ఎక్కువ. బడి దగ్గర గంట, క్లినిక్ దగ్గర రెండు గంటలు, మాల్ కింద పార్కింగ్‌లో ఎంతసేపో చెప్పలేం. ఫోన్ మోగి "యల్లా, గేటు దగ్గరికి రా" అంటే రెండు నిమిషాల్లో బండి గేటు ముందుండాలి. ఆ రెండు నిమిషాల్లోనే వాలిన సీటు ఎత్తుకోవాలి, చెప్పులు తొడుక్కోవాలి, వెనక సీట్లకు చల్లగాలి తగిలేలా ఏసీ పెంచాలి. ఆట ఆపడానికి మిగిలేది ఒక్క సెకను.

కొన్ని ఆటలు మనకు కావలసిన చోట సేవ్ చేసుకోనివ్వవు. వాళ్ళు పెట్టిన మజిలీ దాకా చేరితేనే సేవ్. మజిలీకి ముందు మిషన్‌ను నిద్రపుచ్చవచ్చు గానీ, మళ్ళీ తెరిచేలోపు బ్యాటరీ అయిపోతే నలభై నిమిషాలు ఆడినది పోయినట్టే. అలాంటి ఆట ఒకటి నేనే వాడికి ఇచ్చాను. చాలా గొప్ప ఆట అని పేరు. రెండు వారాల తర్వాత తిరిగి ఇచ్చేశాడు.

"ఈ ఆట చేసినోడు జన్మలో ఒకరి కింద పని చేసుండడున్నా" అన్నాడు.

నేను చదివిన సమీక్షల్లో ఇంతకంటే సరైన మాట లేదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఈ మిషన్లను ఎవరు ఎక్కడ పరీక్షిస్తారో నాకు తెలియదు, ఇక్కడి జూన్‌లో ఆగి ఉన్న కారులో మాత్రం కాదు. ఎండలో స్క్రీన్ మీద మన మొహం తప్ప ఏమీ కనబడదు. కాసేపటికి 'పరికరం వేడెక్కింది, చల్లబడేదాకా ఆగండి' అని రాసి ఆరిపోతుంది. మా వాడు దాన్ని భోజనం సంచిలో చల్లటి లబన్, అదే ఇక్కడి మజ్జిగ, సీసా పక్కన పెట్టుకునేవాడు. "దీనికి నాకంటే సుకుమారమెక్కువ. నేను వేడెక్కితే ఆరిపోయేదానికి ల్యా" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

నేను అల్ వుకైర్‌లో ఉంటాను. ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. చిన్నప్పటి నుంచీ ఆటల పిచ్చి నాది, తమ్ముడిది కాదు. వాడు ఇక్కడికి వచ్చిన రెండో ఏడు, కారులో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందంటే, నేనే పాత సామాను షాపులో ఒక కన్సోల్ కొనిచ్చాను. షాపతనే దాన్ని తెరిచి, వాడి పేరుతో ఒక మెయిల్ ఐడీ సృష్టించి, పాస్‌వర్డ్ తానే పెట్టి, అకౌంట్ తయారుచేసి చేతికిచ్చాడు. ఇక్కడ పనిచేసే మావాళ్ళలో సగం మంది ఫోన్లకు ఇలాగే జరుగుతుంది. మెయిల్ ఏమిటో, పాస్‌వర్డ్ ఏమిటో ఎవరూ రాసుకోరు. మిషన్ పనిచేస్తోంది, చాలు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. స్టోర్ కీపర్‌ని, నట్లూ బోల్టులూ కూడా రాసిపెట్టుకునేవాణ్ణి. ఇది మాత్రం రాసుకోలేదు.

వాడికి నచ్చిన ఆట ఒక్కటే. చిన్న పొలం, రెండు గదుల ఇల్లు, ఊరు. దున్నాలి, విత్తనం వేయాలి, నీళ్ళు పెట్టాలి, కోసి సంతలో అమ్మాలి. మాది రాయలసీమ. మా నాయన వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసిన మనిషి. నేను పొలం ఆట ఇస్తే వాడు విసుక్కుంటాడనుకున్నాను. విసుక్కోలేదు. ఆటలో నాలుగైదు రోజులకొకసారి వాన పడుతుంది. మొదటిసారి చూసి బండిలో ఒక్కడే నవ్వుకున్నాడట.

"సీమ మొగం చూడనోడు రాసినాడున్నా దీన్ని. వాన ఎంత చెప్పినమాట వింటాదో చూడు."

వాడి కూతురు ఊళ్ళో నాలుగో తరగతి చదువుతోంది. ప్రతి శుక్రవారం పగలు వీడియో కాల్ చేసేవాడు. మాట్లాడడానికి ఎంతసేపని ఉంటుంది? తిన్నావా, బడికి పోయినావా, అమ్మ మాట వింటాండావా. అయిదు నిమిషాల్లో మాటలు అయిపోయేవి. ఒక శుక్రవారం కన్సోల్‌ను ఫోన్ కెమెరా ముందు పెట్టాడు. అప్పటి నుంచి ఆ పొలం పాపది. ఇంటికి ఏ రంగు వేయాలో తనే చెప్పేది. గుమ్మడి పెట్టు నాయనా, ఆ పక్కన బంతి పెట్టు, కోళ్ళను బయటికి వదులు. వారమంతా వాడు బడి దగ్గర, క్లినిక్ దగ్గర ఆ పనులు చేసి, శుక్రవారం చూపించేవాడు. ఇద్దరూ దాన్ని తోట అనేవాళ్ళు. నేను సెలవురోజు వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. గంటన్నర మాట్లాడుకునేవాళ్ళు. తండ్రి ఆరేళ్ళుగా దేశం బయట ఉన్న పిల్లతో గంటన్నర మాటలంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కరలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో వాడు పోయాడు. క్లినిక్ కింద పార్కింగ్‌లో, బండిలో కూర్చుని, ఇంజన్ ఆన్‌లో ఉండగా. ఆ ఇంటి మేడమ్ నాలుగుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే గార్డును పంపింది. గుండె అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు. అప్పుడు చేతిలో ఆట ఉందా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు. అది సంచిలో ఉంది.

మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి లేదు, ఎవరూ నేర్పరు. ఇక్కడ ఎవరైనా పోతే, సామాను పెట్టెలో సర్ది ఇంటికి పంపే ముందు, గదిలో ఉన్నవాళ్ళు ఆ మనిషి ఫోన్ తుడిచేస్తారు. కొత్త ఫోన్ లాగా చేసి పంపుతారు. ఎందుకంటే ఫోన్‌లో ఏముంటుందో తెలియదు. వేరే ఆడమనిషి ఉండొచ్చు, తాగిన ఫోటోలుండొచ్చు, ఇంట్లోవాళ్ళను తిట్టి స్నేహితుడికి పంపిన మాటలుండొచ్చు. పెళ్ళాం, పిల్లలు అవి చూడకూడదు. లోపల చూడకుండా తుడవడం మర్యాద. నేనూ చేశాను. అల్ హిలాల్‌లో ఉన్నప్పుడు మా గదిలో ఒక పెద్దాయన పోతే, ఆయన ఫోన్ తుడిచింది నేనే. కొన్ని నెలల తర్వాత ఆయన కూతురు ఎలాగో నా నంబర్ పట్టుకుని ఫోన్ చేసింది. నాన్న గొంతు ఉన్న వాయిస్ మెసేజ్‌లు ఏమైనా ఉన్నాయా అంకుల్ అని అడిగింది. ఏమీ లేవమ్మా అన్నాను. నేను తుడిచాక ఏమీ లేవు, కాబట్టి అబద్ధం కాదు. ఆ రోజు నాకు ఏ బాధా కలగలేదు. మంచిపనే చేశానని అనుకున్నాను.

తమ్ముడి గదిలో వాడితో పాటు ఆ విల్లా వంటమనిషి ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, తమ్ముడికంటే రెండేళ్ళు చిన్న. నేను ఆస్పత్రి దగ్గర కాగితాల కోసం తిరుగుతుంటే ఫోన్ చేసి, సామాను సర్దనా అన్నా అని అడిగాడు. సర్దు అన్నాను. ఫోన్ తుడిచెయ్ అని కూడా నేనే అన్నాను. నా నోటితో నేనే.

నాలుగో రోజు వెళ్ళాను. అట్టపెట్టె కట్టి, తాడు బిగించి, పైన వాడి పేరు రాసి ఉంచాడు. కన్సోల్ మాత్రం విడిగా గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

"ఇది పైలం అన్న, పలుగుతది. ఇది గూడ సాఫ్ చేసిన."

నాకు మొదట అర్థం కాలేదు. బటన్ నొక్కాను. భాష ఎంచుకోండి అని వచ్చింది. షాపులో కొత్తగా తెరిచినప్పుడు వచ్చే పేజీ అది.

"ఏం చేశావు దీన్ని?"

"ఫోన్ లెక్కనే ఉంది గద. లోపట ఏముంటయో ఏమో అని మొత్తం తీసేసిన."

"ఇది ఆటల మిషన్."

"నాకేమెరుక అన్న. ఫోటోలు ఉంటయనుకున్న. వదినె చూస్తే మంచిగుండదు గద. మస్తు కష్టమైంది, ఇంగ్లిష్‌ల ఉండె అంత. పక్క విల్లా డ్రైవర్‌ని పట్టుకొచ్చి చదివిపిచ్చుకున్న."

"నన్ను అడగొచ్చు కదా."

"అడుగుదామనే ఫోన్ చేసిన. నువ్వు ఏడుస్తున్నవ్."

నేను ఆయన్ని తిట్టాను. ఆ మాటలు ఇక్కడ రాయను. ఆయన తల వంచుకుని విన్నాడు. చివర్లో ఒకే మాట అన్నాడు. "నీ తమ్ముని ఇజ్జత్ కోసమే చేసిన. తప్పయితే నాదే." తర్వాత పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చాడు. నేను తినలేదు. ఆ గది నుంచి బయటికొచ్చి, గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ అదే ఉంది.

తమ్ముణ్ణి తీసుకుని ఊరికి వెళ్ళాను. మా ఊళ్ళో సగం మందికి మేము కువైట్‌లో ఉన్నట్టే లెక్క. గల్ఫ్ అంటే వాళ్ళకు కువైటే. కార్యం రోజుల్లో అరుగు మీద కూర్చున్న ఒక దూరపు బంధువు, నాకు చిన్నాయన వరస, పదిమందిలో అన్నాడు.

"ఆ కువైట్లో పొద్దస్తమానం ఏందో డబ్బా పట్టుకోని ఆడుకుంటాండెనంట గదప్పా. కండ్లు, నరాలు అంతా దెబ్బతినింటాయి. గుండె దాకా పోయింటాది."

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నాను.

"అందరూ అంటాండారు. నలభై ఏండ్లకు దగ్గర పడినోడికి చిన్నపిల్లోళ్ళ ఆటలేందప్పా?"

ఆ రోజు నేను లేచి వెళ్ళిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. వాడు తెల్లవారకముందే లేచి బండి కడిగేవాడు. బడి, ఆఫీసు, మార్కెట్, మళ్ళీ బడి, ట్యూషన్, బంధువుల ఇల్లు, మాల్. ఇంటివాళ్ళు పడుకున్నాక వాడు పడుకోవాలి, వాళ్ళు లేవకముందు లేవాలి. ఆరేళ్ళలో వాడు ఏకబిగిన ఏడు గంటలు నిద్రపోయిన రోజులు ఎన్నో నాకు తెలుసు, సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు పోయినవే. డ్యూటీ చంపిందని ఒక్కరూ అనలేదు. ఎండ చంపిందనలేదు. ఛాతీలో మంటగా ఉందని రెండుసార్లు చెబితే గ్యాస్ మాత్ర వేసుకోమన్న నన్ను కూడా ఎవరూ ఏమీ అనలేదు. వాడికి ఆ కారులో ఉన్న ఒకే ఒక్క సొంత వస్తువు మీద మాత్రం నేరం మోపారు. ఆటలు టైమ్ తినేస్తాయంటారు. వాడి టైమ్ వాడిదైతే కదా తినేయడానికి. అది ముందే ఇంకొకరిది. ఎదురుచూసే గంటల్లోంచి వాడు కొంత వెనక్కి తీసుకున్నాడు, అంతే.

పాప ఏడవలేదు. ఎనిమిదో రోజు నా దగ్గరికొచ్చి నిలబడింది.

"పెదనాయనా, తోట ఉండాదా?"

ఉండాది అన్నాను. దోహాలో నా గదిలో భద్రంగా ఉండాదమ్మా అన్నాను.

అబద్ధమని తెలుసు. కానీ పూర్తిగా అబద్ధం కాకుండా చేయొచ్చని నాకొక ఆశ ఉంది. ఇలాంటి మిషన్లలో, నెలనెలా చందా కడితే, ఆట ఎంతవరకు వచ్చిందో దాని నకలు కంపెనీ వాళ్ళ దగ్గర కూడా దాచిపెడతారు. తమ్ముడి చేత ఆ చందా నేనే కట్టించాను. అంటే మిషన్‌లో తోట పోయినా, వాళ్ళ దగ్గర ఉండాలి. దోహా తిరిగి వచ్చిన మర్నాటి నుంచి కంపెనీ సహాయ విభాగానికి రాయడం మొదలుపెట్టాను.

మెయిల్ ఐడీ చెప్పమన్నారు. తెలియదు. పాత సామాను షాపుకు వెళితే అక్కడిప్పుడు జ్యూస్ అమ్ముతున్నారు. ఫోన్ నంబర్‌కు కోడ్ పంపుతాం, చెప్పండి అన్నారు. ఆ నంబర్ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పేరు మీద తీసుకున్నది, వాడు పోగానే రద్దు చేశారు. మిషన్ అడుగున ఉన్న సీరియల్ నంబర్ పంపాను. మరణ పత్రం పంపాను. ఇద్దరి పాస్‌పోర్టుల్లో తండ్రి పేరు ఒకటేనని చూపించాను. ప్రతిసారీ కొత్త మనిషి వచ్చి మొదటి నుంచి అడుగుతాడు. రెండు నెలల తర్వాత ఒకామె మాత్రం వెతికి చూసి చెప్పింది. అవును, ఆ మిషన్‌కు జతపడిన అకౌంట్ ఉంది. ఆ ఆట నకలు కూడా ఉంది.

"అయితే ఇవ్వండి" అని రాశాను.

అకౌంట్ అనేది వ్యక్తిగతమైనది, దాన్ని మరొకరికి బదిలీ చేయడానికి మా నిబంధనలు ఒప్పుకోవు అని వచ్చింది.

"ఆ మనిషి లేడు. నాకు అకౌంట్ వద్దు. అందులో ఉన్న ఆటలు కూడా వద్దు. అదే ఆట నేను మళ్ళీ కొంటాను. ఆయన కూతురు పెంచుకున్న ఒక పొలం ఉంది, అది ఒక్కటి ఇవ్వండి."

మీ నష్టానికి మా ప్రగాఢ సానుభూతి అని వచ్చింది. చందా ముగిసిన ఆరు నెలలకు నకలు దానంతటదే తొలగిపోతుందని కూడా వచ్చింది. దాని కింద, మా సేవ మీకు ఎంత నచ్చిందో నక్షత్రాలతో తెలపండి అని అయిదు ఖాళీ నక్షత్రాలు వచ్చాయి.

నేను స్వతహాగా అరిచే మనిషిని కాదు. గోడౌన్‌లో నా గొంతు విన్నవాళ్ళు తక్కువ. ఆ రోజు టేబుల్ మీదున్న రిజిస్టర్ తీసి గోడకేసి కొట్టాను. పక్కన పనిచేసే నేపాలీ అబ్బాయి తన కుర్చీ జరుపుకున్నాడు.

వీళ్ళు ఏం అమ్ముతున్నారో ఎవరూ సూటిగా చెప్పరు. దుకాణంలో 'కొనండి' అని రాసి ఉంటుంది. కొన్నామనుకుంటాం. కొనలేదు, మనం బతికి ఉన్నంతవరకు, మన ఫోన్ నంబర్ బతికి ఉన్నంతవరకు ఆడుకోవడానికి అనుమతి తీసుకున్నాం. ఆ మాట ఎవరూ చదవని నిబంధనల్లో ఎక్కడో ఉంటుంది. నేను చదివాను. ఇప్పుడు మొత్తం చదివాను. నా దగ్గర పాత హ్యాండ్‌హెల్డ్ ఒకటి ఉంది, దాని ఆటలు చిన్న క్యాసెట్లలో వచ్చేవి, ఎంతవరకు ఆడామో కూడా ఆ క్యాసెట్‌లోనే ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే లోపల ఎవరో ముందటి మనిషి ఆట అలాగే ఉండేది. మనిషి ఎవరో తెలియదు, ఎక్కడున్నాడో తెలియదు, అతను సగం దాటిన అడవి మన చేతికొచ్చేది. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ మిషన్ స్క్రీన్ ఇప్పటివాటి ముందు నిలబడదు. నాకు అవసరం లేదు. కొత్త మిషన్‌లో క్యాసెట్ పెట్టినా ఆట మాత్రమే క్యాసెట్‌లో ఉంటుంది, మనం ఆడినది మిషన్‌లో ఉంటుంది. ఈ తేడా వల్ల ఆడేవాళ్ళకు ఏం లాభమో ఎవరైనా చెబితే వింటాను.

ఆరు నెలలు అయిపోయాయి. నకలు తొలగించామని వాళ్ళు నాకు చెప్పలేదు. నేనే రాసి అడిగితే, అవునన్నారు.

ఈ ఆరు నెలలూ శుక్రవారం ఫోన్ చేసినప్పుడల్లా పాప అడిగేది. చార్జర్ పాడైంది అన్నాను. పనిలో తీరిక లేదన్నాను. అబద్ధాలు అయిపోయాక మరదలికి అసలు సంగతి చెప్పాను.

"బావా, ఆట నీకొచ్చు గదా. అట్లాంటిదే ఇంకోటి ఏసి చూపియ్యి. చిన్నపిల్ల, దానికేం తెలుస్తాది."

"అది మోసం గదమ్మా."

"మోసమే. పొద్దునలేస్తే తోట తోట అంటాంది బావా. రోజూ వినేదాన్ని నేను. నీకేం, నువ్వు ఆడ ఉండావు."

సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాను.

అదే ఆట కొన్నాను. తమ్ముడు నాకు పంపిన తోట ఫోటోలు రెండు ఉన్నాయి, ఒకటి ఆటలోని మనిషి గడప మీద నిలబడినప్పటిది, ఒకటి గుమ్మడికాయలు కాసినప్పుడు తీసింది. వాటిని పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. డ్యూటీ అయ్యాక, బస్సులో, భోజనం వేళ. ఇల్లు కట్టి నీలం రంగు వేశాను. బంతి, గుమ్మడి, కోళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆటలాడుతున్నాను, ఇంత అసహ్యంగా ఎప్పుడూ ఆడలేదు. ఫ్లాట్‌లో ఉండే కాకినాడ ఆయన భుజం మీదుగా తొంగి చూసేవాడు.

"ఏవండోయ్, ఊళ్ళో పొలం పాడుబెట్టి ఇక్కడ సేద్యం చేస్తున్నారేంటి?"

"పని చూసుకోండి" అన్నాను.

"కోప్పడతారేంటండీ, ఊరికే అన్నాను" అని వెళ్ళిపోయాడు. ఆయన తప్పు లేదు. ఆ రోజుల్లో నాతో ఎవరు మాట్లాడినా తప్పే అయ్యేది.

ఐదు వారాలు పట్టింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసి, కన్సోల్‌ను కెమెరా ముందు పెట్టాను. తమ్ముడు పెట్టినట్టే పెట్టాను. పాప దగ్గరికి జరిగింది. కనురెప్ప వేయకుండా చూసింది.

"ఇల్లు నీలమే" అంది.

"అవును."

"కోళ్ళను వదులు."

వదిలాను.

"ఇంట్లోనించి గేటు కాడికి నడువు."

నడిపించాను. ఆటలోని మనిషి తలుపు తీసుకుని తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పాప వెనక్కి జరిగింది.

"ఇది నాయనది గాదు."

"నాయనదేనమ్మా. చూడు, బంతి..."

"నాయనది చుట్టూ తిరగాల. వాకిట్లో అడ్డంగా బాయి ఉంటాది. దానికి చుట్టూ తిరిగి పోవాల. జరుపు నాయనా అని నేను ఎన్నితూర్లు చెప్పినా జరపల్యా. బాయి ఒకసారి తవ్వితే తవ్వినట్టే, జరిపేదానికి ఇదేమన్నా మంచమా అన్యాడు."

ఆ ఆటలో బావిని ఒక్క బటన్‌తో ఎక్కడికైనా జరపవచ్చు. మా నాయన మూడు బోర్లు వేసి మూడూ ఎండబెట్టుకున్న ఇంట్లో పుట్టినవాడు కాబట్టి మావాడు జరపలేదు. నాకు ఆ సంగతి తెలియదు. నా దగ్గరున్న ఫోటోల్లో బావి లేదు. నేను దాన్ని ఇంటి వెనక, అనుకూలంగా ఉన్నచోట పెట్టాను, మంచి ఆటగాడు ఎక్కడ పెడతాడో అక్కడ.

"మరి నాయనది యాడుండాది?" అంది.

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. ఫోన్ తుడవమన్నది నేనేనని, వంట మామ దాన్ని కూడా ఫోన్ అనుకుని తుడిచేశాడని, కంపెనీ వాళ్ళ దగ్గర ఇంకోటి ఉన్నా ఇవ్వలేదని, అది కూడా ఇప్పుడు లేదని. మరదలు వెనక నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాప మధ్యలో ఆపలేదు.

"తుడిచినంక ఎన్ని రోజులైంది?"

"నాయన పోయిన నాలుగు రోజులకే."

"అయితే నేను ఊర్లో నిన్ను అడిగినప్పుడే లేదు."

"లేదు."

"వంట మామ మీద నీకు కోపమొచ్చిందా?"

"వచ్చింది. తిట్టినా."

"ఆయప్పకు తెలీక చేసినాడు. నీకు తెలుసు గదా. తెలిసీ ఉండాదని చెప్పినావు."

నేను కన్సోల్‌ను పక్కకు తీయబోయాను. ఇది తీసేస్తాలే, ఆపేస్తా అన్నాను.

"తీయొద్దు. అది నీ తోట. నువ్వు పెట్టుకో" అని ఫోన్ తల్లికిచ్చి బయటికి వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం చేశాను. మరదలు ఒక్కతే కనబడింది. పాపను పిలుస్తోంది, పాప రావడం లేదు. లోపలి నుంచి బడి పుస్తకం గట్టిగా చదువుతున్న చప్పుడు వినబడుతోంది, ఫోన్‌లోకి వినబడాలనే అంత గట్టిగా.

"రానంటాంది బావా. నాలుగు ఏట్లు ఏసి తీసుకురానా?"

"వద్దు. దాన్ని ఏమీ అనొద్దు. కోపంగా ఉండనీ" అన్నాను.